1.2 పెట్రోల్‌కి రెండున్నర అంగుళాల పైపు వేయించమంటున్నారు, వేయించొచ్చా?

గట్టుమీదకారు (అమలాపురం)

అందరికీ నమస్కారమండీ. నాది 2014 మోడల్ స్విఫ్ట్, 1.2 పెట్రోల్. ఉప్పుగాలికి, వర్షాలకి వెనక సైలెన్సర్ డబ్బా అడుగంతా తినేసింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. పైపు కూడా వెనక చక్రాల దగ్గర పొరలు పొరలుగా ఊడొస్తోంది.

ఎలాగూ మార్చాలి కదా అని ఇక్కడ ఫ్యాబ్రికేషన్ చేసే ఆయన్ని అడిగాను. "కంపెనీది ఎందుకండీ, ముందు నుంచి వెనక దాకా రెండున్నర అంగుళాల పైపు వేసేద్దాం. పొగని శుద్ధి చేసే క్యాట్ కన్వర్టర్ కూడా పీకేస్తే బండి ఊపిరి తీసుకుంటుంది, 15 హార్స్‌పవర్ గ్యారంటీ" అన్నాడు. మొత్తం 18 వేలు చెప్పాడు. పికప్ పెరిగితే నాకూ ఆశే. గౌతమి వంతెన మీద లారీని దాటాలంటే మూడో గేరుకి దిగాల్సి వస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి, వేయించొచ్చా?

రేసర్_రావులపాలెం

కళ్లు మూసుకుని వేయించెయ్ బ్రో. నాదీ 1.2 పెట్రోలే. డబ్బా, రెసొనేటర్ రెండూ తీసేసి స్ట్రెయిట్ పైపు కొట్టించాను. సిద్ధాంతం వంతెన ఎక్కితే ఆ సౌండ్‌కి ముందున్నోళ్లు వాళ్లంతట వాళ్లే పక్కకి తప్పుకుంటున్నారు. పవర్ తేడా స్పష్టంగా తెలుస్తోంది.

టార్క్‌మాస్టారు (తణుకు)

గట్టుమీదకారు గారూ, తొందరపడకండి. ముందు మీ బండి కింద ఏమేం ఉన్నాయో వరసగా చూద్దాం. ఇంజిన్ హెడ్‌కి అతుక్కుని, సిలిండర్ల గొట్టాలన్నీ కలిపే మ్యానిఫోల్డ్, దాని తర్వాత క్యాట్ కన్వర్టర్, తర్వాత సన్నగా సాగే మధ్య పైపు, అందులో హోరు తగ్గించే చిన్న డబ్బా రెసొనేటర్, చివర పెద్ద డబ్బా సైలెన్సర్. మీకు తుప్పు పట్టింది చివరి భాగం. మీ ఫ్యాబ్రికేటర్ మార్చేద్దామంటున్నది మొత్తం.

మీ ఇంజిన్ కాగితం మీద ఇచ్చేదే 80 పైచిలుకు హార్స్‌పవర్. టర్బో లేదు. అలాంటి ఇంజిన్‌కి క్యాట్ వెనకాల ఉన్న పైపు ఎంత బాగా మార్చినా రెండు, మూడు హార్స్‌పవర్ వస్తే గొప్ప. 15 అంటే దాదాపు ఇరవై శాతం. హెడ్డు, క్యామ్, ట్యూనింగ్ ముట్టుకోకుండా వట్టి గొట్టంతో అంత రాదు. అంత సులువుగా వచ్చేదే అయితే కంపెనీవాడే అమ్మకాల కోసం ఎప్పుడో పెట్టేవాడు.

వంతెన మీద మూడో గేరు సంగతంటారా, 1.2 పెట్రోల్‌తో ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే అందరం దిగేదే. అందులో తప్పేం లేదు. కాకపోతే ఇదివరకు నాలుగులో ఎక్కేసిన బండి ఇప్పుడు మూడు అడుగుతోందంటే మాత్రం వేరే లోపం ఉన్నట్టే. అదేదో ముందు చెప్పండి.

పాలకొల్లు_పిస్టన్

బ్యాక్ ప్రెజర్ లేకపోతే ఇంజిన్ లాగదు. అందుకే కంపెనీ సన్న పైపు ఇస్తుంది. పెద్ద పైపు వేస్తే వాల్వులు కాలిపోతాయి, మా మెకానిక్ చెప్పాడు.

వేగావతి (రాజమహేంద్రవరం)

పిస్టన్ గారూ, ఆ మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది కానీ సగమే నిజమండీ. బ్యాక్ ప్రెజర్ ఏ ఇంజిన్‌కీ మేలు చెయ్యదు. కాలిన గ్యాసుని బయటికి నెట్టడానికి పిస్టన్ పడే అదనపు శ్రమ అది. ఇంజిన్‌కి కావలసింది గ్యాసు వేగం. ఒక సిలిండర్ నుంచి వేగంగా పోయే గ్యాసు తన వెనక ఒత్తిడి తగ్గిస్తుంది, ఆ తగ్గుదల తర్వాత తెరుచుకునే వాల్వు దగ్గర గ్యాసుని లాగడానికి సాయపడుతుంది. మన గోదావరే చూడండి, పాపికొండల దగ్గర ఇరుకులో ఉరికే నీరు ధవళేశ్వరం దగ్గర నాలుగు పాయల వెడల్పు దొరికేసరికి మందగిస్తుంది. పైపులోనూ అంతే, నీరు అదే, వెడల్పు మారింది.

లెక్క వేసి చూపిస్తాను. 1197 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి సుమారు 60 లీటర్ల గాలి పీలుస్తుంది. ఎగ్జాస్ట్‌లో 500 డిగ్రీల వేడి అనుకుంటే అది రెండున్నర రెట్లు ఉబ్బి 150 లీటర్లవుతుంది. లోపలి వ్యాసం 41 మిల్లీమీటర్లున్న పైపులో ఆ గ్యాసు వేగం సెకనుకి 113 మీటర్లు వస్తుంది. ఆ వేడిలో ధ్వని వేగం 550 మీటర్ల పైనే. అంటే ధ్వని వేగంలో ఐదో వంతు. ఇది ఉక్కిరిబిక్కిరయ్యే పరిస్థితి కాదు. పైపే గొంతు పట్టుకుంటోందన్న మాటకి ఇక్కడ ఆధారం లేదు.

రెండున్నర అంగుళాల పైపు వేస్తే అదే గ్యాసు 52 మీటర్లకి పడిపోతుంది. మీరు రోజూ తిరిగే 2000 ఆర్‌పీఎంలో ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినా 17 మీటర్లే.

అయితే ఒక మాట. మాస్టారు చెప్పినట్టు క్యాట్ వెనకాల పైపు మారిస్తే లాభం తక్కువ. నష్టం కూడా తక్కువే. సిలిండర్ల మధ్య ఆ లాగుడంతా జరిగేది మ్యానిఫోల్డ్ గొట్టాల్లో. అక్కడ వ్యాసం పెంచితేనే కింది ఆర్‌పీఎంలో బండి చచ్చుపడేది. వెనక పెంచితే ఎక్కువగా పెరిగేది శబ్దమే. వాల్వులు కాలిపోవడం ఏమీ ఉండదు.

రేసర్_రావులపాలెం

మేడమ్, లెక్కలు బానే ఉన్నాయి కానీ నాకు సీటులో తెలుస్తోంది కదా.

టార్క్‌మాస్టారు (తణుకు)

సీటులో తెలిసేది చెవికి తెలిసేదే తమ్ముడూ. చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే కాలు ఇంకాస్త నొక్కుతాం. నిజంగా తేలాలంటే బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఒకే రోడ్డు, ఒకే వేళ, ఏసీ ఆపి, మూడో గేరులో 2000 నుంచి 5000 దాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకో. గాలి వాటం పోవాలంటే రెండు వైపులా చెయ్యాలి. తెల్లవారుజామున ఖాళీ హైవే మీద, అదీ స్పీడ్ లిమిట్ దాటకుండా. పాత డబ్బా బిగించి ఒకసారి, నీ స్ట్రెయిట్ పైపుతో ఒకసారి. అంకెలు ఇక్కడ పెట్టు, తేడా ఉంటే నేనే ఒప్పుకుంటాను.

రేసర్_రావులపాలెం

పాత డబ్బా ఇనప సామాన్లవాడికి అమ్మేశాను 😅

వశిష్ఠ_216 (నరసాపురం)

అసలు విషయం అందరూ వదిలేశారు. ఆయన సమస్య తుప్పు. మనది సముద్రం పక్క నేల. అంతర్వేది, పేరుపాలెం వైపు బండి పెట్టుకునేవాళ్లకి పైపు సైజు కంటే పైపు లోహం ముఖ్యం. పైనుంచి ఉప్పుగాలి, కింద నుంచి రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లు. ఇవి చాలవన్నట్టు లోపలి నుంచి కూడా తింటుంది. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది, పైపు బాగా వేడెక్కకపోతే అది డబ్బాలోనే నీరై నిలుస్తుంది. ఇంటి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి ఇంటికి, అంతే తిరిగే బండికి సైలెన్సర్ లోపల నుంచే కుళ్లిపోతుంది. అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, నీరు కారడానికి కంపెనీ పెట్టినదే. చాలామంది లీకేజీ అనుకుని వెల్డింగ్ చేయించి మూసేస్తారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే అదే.

లోహం సంగతి. మామూలు ఇనుము వద్దు, రెండు వానాకాలాలు నిలిస్తే ఎక్కువ. జీఐ పైపు అసలే వద్దు. దాని జింకు పూత వెల్డింగ్‌లో పొగై చేసేవాడికి జ్వరం తెప్పిస్తుంది. స్టెయిన్‌లెస్‌లో 409 రకం బళ్లకి ఎక్కువగా వాడతారు, సుమారు 11 శాతం క్రోమియం. పైకి గోధుమరంగు తుప్పు కనిపిస్తుంది కానీ త్వరగా చిల్లు పడదు. 304 అయితే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. మన గాలికి అదే మేలు.

ఇప్పుడు అసలు మోసం. మన ఊళ్లలో గేట్లు, మెట్ల రెయిలింగులు చేసే షాపుల్లో దొరికే మెరుపు పైపు చాలావరకు 202 రకం. "304 అండీ, చూడండి మాగ్నెట్ అంటుకోవట్లేదు" అని చూపిస్తారు. 202కి కూడా అంటుకోదు! మాగ్నెట్‌తో 409ని వేరు చెయ్యొచ్చు గానీ 202ని, 304ని వేరు చెయ్యలేం. పైపు మీద అచ్చు వేసిన గ్రేడ్ చూడండి, బిల్లు మీద రాయించుకోండి. రెయిలింగు పైపు సన్నగా కూడా ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ మందం అడగండి.

ఇంకోటి, 304 వేడికి బాగా సాగుతుంది. ఫ్యాబ్రికేటర్ కదలకుండా చాసిస్‌కి బిగించేస్తే ఏదో ఒక వెల్డింగ్ దగ్గర పగులుతుంది. రబ్బరు హ్యాంగర్లు ఉండాలి, ముందు వైపు ఫ్లెక్స్ పైపు ఉండాలి.

ఆక్వా_డీజిల్ (భీమవరం)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది బీఎస్6 డీజిల్. చెరువుల మీదకే తిప్పుతాను, రోజుకి పది కిలోమీటర్లు దాటదు. డీపీఎఫ్ లైటు ఊరికే వెలుగుతోంది. ఒకాయన దాన్ని కోసి లోపలిది తీసేస్తా, ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) కూడా ఆపేస్తా అంటున్నాడు. పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయట. చేయించెయ్యనా?

టార్క్‌మాస్టారు (తణుకు)

వద్దు. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచే జల్లెడ. అందులో మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి రావాలి. గట్ల మీద రెండో గేరులో తిరిగితే ఆ వేడి ఎక్కడిది? వారానికోసారి తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కి ఏలూరు వైపు ఓ అరగంట 2000 ఆర్‌పీఎం పైన నిలకడగా పోనివ్వండి. మధ్యలో బండి ఆపెయ్యకండి. కాలడం సగంలో ఆగితే డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే అదే కారణం. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కి సరిపడే తక్కువ బూడిద రకమే పోయించాలి.

తీసేస్తే వచ్చే నల్లపొగ ముందు మన ఊరివాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చట్టం సంగతి సరేసరి. రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవారికి అసలు పెట్రోల్ బండే సరైనది, అది మరోసారి మాట్లాడుకుందాం.

పాత_పోలో (కాకినాడ)

పైపు మారిస్తే పవర్ రాదు అని అందరికీ ఒకే మాట చెప్పకండి. టర్బో బండి లెక్క వేరు. నాది 1.0 టీఎస్‌ఐ, 110 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. టర్బైన్ తిరిగేది దాని ముందు ఒత్తిడికి, వెనక ఒత్తిడికి ఉన్న తేడా మీద. వెనక అడ్డు తగ్గిస్తే టర్బో తొందరగా లేస్తుంది. అందుకే టర్బోకి వెనకాల ఉండే డౌన్‌పైప్ మార్చి, దానికి తగ్గట్టు ఈసీయూ రీమ్యాప్ చేస్తే (అందులోని ప్రోగ్రాం మారిస్తే) తేడా నిజంగానే వస్తుంది. ఆ తేడాలో పెద్ద వాటా రీమ్యాప్‌దే అనుకోండి. దానికి పవర్ కొలిచే డైనో ఉన్న చోటికి పోవాలి, మన గోదావరి జిల్లాల్లో నేనైతే చూడలేదు. ఈ ఇంజిన్‌లో మ్యానిఫోల్డ్ హెడ్డులోనే పోతపోసి వస్తుంది కాబట్టి హెడర్స్ (మ్యానిఫోల్డ్ బదులు వేసే విడి గొట్టాలు) మార్చడమనే ప్రశ్నే లేదు.

గట్టుమీదకారు (అమలాపురం)

బోలెడు విషయాలు తెలిశాయండీ. రెండు సందేహాలు. ఒకటి, నా బండికి హెడర్స్ వేస్తే? ఫ్యాబ్రికేటర్ ఫోర్ టు వన్ చేస్తానంటున్నాడు. రెండోది, క్యాట్ తీస్తే చెక్ ఇంజిన్ లైటు వస్తుందా?

వేగావతి (రాజమహేంద్రవరం)

ఫోర్ టు వన్ అంటే నాలుగు గొట్టాలూ ఒకేచోట కలుస్తాయి, లాభం పై ఆర్‌పీఎంలో. ఫోర్ టు టు వన్ అయితే ముందు రెండేసి కలుస్తాయి. ఫైరింగ్ వరస 1-3-4-2 కాబట్టి 1తో 4, 2తో 3 కలపాలి. అది మధ్య ఆర్‌పీఎంలో బావుంటుంది. మీరు తిరిగేది మధ్యలోనే కాబట్టి వేస్తే రెండోదే వెయ్యాలి. కానీ గొట్టాల పొడవు సమానంగా రావాలి, వంపుల్లో నొక్కుకుపోకూడదు. ఇసక నింపి వేడి చేసి వంచే చోట, మామూలు బెండింగ్ మెషీన్ మీద లాగించేసే చోట వంపు లోపలివైపు ముడత పడుతుంది. లోపల అచ్చుకడ్డీ పెట్టి వంచే మాండ్రెల్ బెండ్ అయితే గుండ్రం చెడదు. మాండ్రెల్ వంపులు విడిగా కొనుక్కొచ్చి అతికించుకోవచ్చు. ఇంత చేసినా ట్యూనింగ్ లేకుండా మీకు దక్కేది కొద్దిగానే.

క్యాట్ తీస్తే లైటు దాదాపుగా వస్తుంది. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొక ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. వెనకది చూసేదే క్యాట్ పని చేస్తోందా లేదా అని. P అక్షరంతో మొదలయ్యే 0420 కోడు అదే. ఇంకా ముఖ్యం, ముందు సెన్సర్ కంటే ముందర ఎక్కడైనా కీలు వదులైతే బయటి గాలి లోపలికి పీలుస్తుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, పెట్రోల్ తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. మైలేజీ పోతుంది, క్యాట్ వేడెక్కిపోతుంది.

మాస్టారు అడిగినదానికి మీరు జవాబివ్వలేదు. ఇదివరకు కంటే లాగడం తగ్గిందా?

గట్టుమీదకారు (అమలాపురం)

నిజం చెప్పాలంటే తగ్గిందండీ. పైకి పోతే 4000 దాటాక ముక్కుతోంది.

టార్క్‌మాస్టారు (తణుకు)

అదీ సంగతి. అయితే పైపు కొనే ముందు ఇది చేయించండి. క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ మర బెజ్జంలో ప్రెజర్ గేజ్ పెట్టి ఇంజిన్ 2500 దగ్గర నిలపాలి. 3 పీఎస్‌ఐ దాటితే ఎక్కడో మూసుకుపోయింది. క్యాట్ లోపలి తేనెపట్టు పగిలి అడ్డుపడొచ్చు, లేదంటే కుళ్లిన సైలెన్సర్ లోపలి పలకలు ఊడి దారికి అడ్డం పడి ఉండొచ్చు. డబ్బాని రబ్బరు సుత్తితో కొట్టండి, లోపల గలగలమంటే అనుమానం అక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు కూడా ఆ చేత్తోనే చూడండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) ఉంటే కొత్త క్యాట్ పెట్టినా మళ్లీ పోతుంది.

కొబ్బరితోట (అంబాజీపేట)

బండి గురించి నాకేం తెలియదు. మా ఆయన ఈ చర్చలు చదువుతుంటే నేనూ చదివాను. ఆ స్ట్రెయిట్ పైపు బాబుకి ఒక్కటే మనవి. మా ఇల్లు రోడ్డు పక్కనే, ఇంట్లో పసిబిడ్డ ఉంది. రాత్రి పదకొండుకి అలాంటి బండి ఒకటి పోతే మళ్లీ బిడ్డ పడుకునేసరికి రెండవుతోంది.

వశిష్ఠ_216 (నరసాపురం)

నమస్తే చెల్లెమ్మా, సరిగ్గా చెప్పావు. రేసర్, చట్టం కూడా విను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం, గాలి కాలుష్యం ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2019 సవరణ తర్వాత లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. ఇన్సూరెన్సువాడికి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ వేళ పేచీ పెట్టడానికి వాడికో సాకు దొరుకుతుంది.

రేసర్_రావులపాలెం

సరే అక్కా, రాత్రిపూట ఆ రోడ్డున రాను. రెసొనేటర్ తిరిగి పెట్టిస్తాను. నిజానికి నాకూ 2700 దగ్గర లోపల బుయ్యిమని ఒకటే హోరు, చెన్నై వెళ్లొస్తే తల పగిలిపోయింది. అది మాత్రం పోయే దారి ఉందా?

వేగావతి (రాజమహేంద్రవరం)

ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్క చుట్టుకి రెండు పేలుళ్లు. 2700 ఆర్‌పీఎం అంటే సెకనుకి 45 చుట్లు, 90 హెర్ట్జ్ హోరు. ప్రధాన పైపుకి పక్కన చివర మూసిన పైపు ఒకటి కలిపితే, దాని పొడవు ఆ ధ్వని తరంగంలో నాలుగో వంతుంటే, లోపలికి పోయిన అల తిరిగొచ్చి ఎదురుదాన్ని కొట్టేస్తుంది. వెనక భాగంలో 200 డిగ్రీల వేడి అనుకుంటే ధ్వని వేగం 436 మీటర్లు, దాన్ని 360తో (90కి నాలుగు రెట్లు) భాగిస్తే దాదాపు 1.2 మీటర్లు. అంత పొడవు కింద పట్టడమే కష్టం, వంపు తిప్పి పెట్టుకోవాలి. కింద గట్టు రాళ్లకి తగలకుండా చూసుకో. రెసొనేటర్ పెట్టాక కూడా హోరు మిగిలితేనే ఇది.

గట్టుమీదకారు (అమలాపురం)

పని అయిందండీ. గేజ్ పెడితే 2500 దగ్గర 5 దాటింది. క్యాట్ తర్వాత బోల్టులతో బిగించే అతుకు, అదే ఫ్లాంజ్, విప్పి మళ్లీ చూస్తే ముల్లు ఒకటిలోపే ఉండిపోయింది. అంటే క్యాట్ బాగానే ఉంది, అడ్డు దాని వెనకాలే. సైలెన్సర్ కోసి చూస్తే లోపలి అడ్డుపలక తుప్పు పట్టి ఊడి, బయటికి పోయే గొట్టం మూతికి అతుక్కుని ఉంది. ఫొటో తీశాను, పెడతాను.

చివరికి చేయించింది ఇది. క్యాట్ ముట్టుకోలేదు. మధ్య పైపు 304 రకం, కంపెనీ సైజుకి దగ్గరగా ఒకటిముప్పావు అంగుళం, వెనక చక్రాల దగ్గర వంపులు మాండ్రెల్‌వి తెప్పించాను. డబ్బా, రెసొనేటర్ కంపెనీవే కొత్తవి. ఆర్గాన్ వెల్డింగ్ చేయించాను. ఇప్పుడు 4000 దాటాక కూడా సాఫీగా పోతోంది. పాత రోజుల్లో ఎలా ఉండేదో అలా ఉంది, అంతకంటే ఎక్కువేం లేదు.

ఒకటే చికాకు. ఐడిల్‌లో ఏసీ వేస్తే కింద ఎక్కడో చిన్నగా టకటకమని మోగుతోంది.

వశిష్ఠ_216 (నరసాపురం)

ఇనుముకి స్టెయిన్‌లెస్ అతికించిన చోట ఏ కడ్డీ వాడారో అడగండి, 309 అయి ఉండాలి. మామూలు కడ్డీతో అతికిస్తే ముందు అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఇక టకటక. ముందు వేడి తగలకుండా పెట్టే రేకు చూడండి, దాని బోల్టులు తుప్పు పట్టి వదులవుతాయి. అది కాకపోతే పైపు వెనక యాక్సిల్ బీముకి తగులుతోందేమో చూడాలి. బండి లిఫ్ట్ మీద ఉండగా వేలు పట్టే సందు ఉంటే సరిపోదు, చక్రాల మీద బరువు పడినప్పుడు బీము పైకొస్తుంది. వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టి కింద దూరి చూడండి. ఇంజిన్ చల్లారాకే సుమా. లీకు అనుమానం ఉంటే ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనక గొట్టం మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టించి, అతుకుల మీద సబ్బునీళ్లు కొట్టండి. బుడగ వచ్చిన చోట ఫ్లాంజ్ గాస్కెట్ మార్పించండి, పాతది తిప్పి పెట్టించుకోకండి.

గట్టుమీదకారు (అమలాపురం)

రేకేనండీ. రెండు బోల్టుల్లో ఒకటి లేనే లేదు. రేపు స్టెయిన్‌లెస్ బోల్టు, వెడల్పు వాషర్ వేయిస్తాను. కడ్డీ సంగతి కూడా అడుగుతాను.